నాన్నగారి బుల్లెట్, నెలాఖరు గడువు

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ల నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన 1994లో కొన్న బుల్లెట్ ఇంకా సరూర్‌నగర్ ఇంటి వరండాలోనే ఉంది. ఏపీ 9 నంబరు ప్లేటు, కుడికాలి గేరు. ఆ ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. నెలాఖరుకల్లా ఖాళీ చేసి బిల్డర్‌కి తాళాలు ఇవ్వాలి. అమ్మగారు కూతురి ఫ్లాట్‌కి వచ్చేస్తున్నారు.

బెంగళూరులో ఉన్న తమ్ముడు, "బండి నాకు కావాలి అక్కా, నాకు సెలవు దొరకదు, ట్రాలీ మాట్లాడి ఎక్కించి పంపేయ్" అంటున్నాడు. ఆమె భర్త, "కాలనీలో ఒకాయన కొంటానంటున్నాడు, ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. అమ్మగారు ఏమీ అనడం లేదు. పొద్దున్నే లేచి పాత బనియన్ గుడ్డతో ట్యాంకు తుడుస్తున్నారు, అంతే. మూడేళ్ల కిందట ఈ టీచరుగారి భర్త బండిని విశాఖ నుంచి వ్యాన్‌లో తెప్పిస్తే క్లచ్ లివరు విరిగి, ట్యాంకు సొట్టపడి వచ్చిందట. అడిగితే వ్యాన్ వాళ్లు "ముందే ఉంది మేడం" అన్నారట. అందుకే ఆమె భయం: "ఆ బండి మీద చిన్న గీత పడినా తమ్ముడు జీవితాంతం నన్నే అంటాడు. అమ్మ ఏమీ అనదు, అది ఇంకా కష్టం. బండి ఎలా కట్టాలో నాకు తెలీదు. అసలు నాకు బండి నడపడమే రాదు. రాత్రుళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు బండి ఎలా కట్టాలో చెబితే సరిపోతుందనుకున్నాను. రెండోసారి చదివితే వేరే సంగతి కనపడింది. నెలాఖరు గడువు ఇంటికి. బండికి కాదు. ఇల్లు ఖాళీ చేయాలి కాబట్టి బండి సంగతి కూడా ఆ రోజుకే తేలిపోవాలని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. తమ్ముడు పంపేయమంటున్నాడు, మీ ఆయన అమ్మేయమంటున్నారు. రెండూ చేయాల్సింది మాత్రం మీరే. మీ చేతి మీదుగా ఏం జరిగినా మాట పడేది కూడా మీరే. ఆ బరువు వల్లే మీకు నిద్ర పట్టడం లేదని నాకనిపిస్తోంది.

అందుకే ముందు ఒక దారి చెబుతాను, మీ ఉత్తరంలో ఎక్కడా లేనిది. నెలాఖరుకి బండిని బెంగళూరు కాకుండా నిజాంపేటకే తెచ్చుకోవచ్చు. ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి పాతిక కిలోమీటర్ల పైమాట. మీకున్నది ఒక్క పార్కింగ్ అని రాశారు. కారు పక్కన రెండున్నర అడుగుల జాగా దొరుకుతుందేమో కొలిచి చూడండి. లేకపోతే అసోసియేషన్ వాళ్లని మూడు నెలలకు ఒక మూల అడగండి. దీనివల్ల ఇబ్బంది లేకపోలేదు. బండిని రెండుసార్లు ఎక్కించి దించాలి, ఖర్చు కూడా రెండుసార్లు. తమ్ముడు "అక్క పంపడం ఇష్టం లేక ఆపింది" అనుకోవచ్చు. కానీ కాగితాల పని చూస్తే ఈ దారికే మొగ్గు చూపాలనిపిస్తుంది.

ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందని రాశారు. బండి యజమాని పోతే వారసులు ముప్పై రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు దాటింది. అయినా ఆలస్యానికి కట్టాల్సింది కట్టి మార్పించుకోవచ్చు. తమ్ముడి పేరు మీదికి మారాలంటే మీరు, అమ్మగారు అభ్యంతరం లేదని సంతకం పెట్టాల్సి వస్తుంది. అంటే ఇంతవరకూ నోరు విప్పని అమ్మగారి మాట కాగితం మీదైనా కావాలి. ఇంకోటి, రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆర్‌సీలో గడువు తేదీ చూడండి. అయిపోయి ఉంటే పొడిగింపుకి బండిని తీసుకెళ్లి చూపించాలి. బండి బెంగళూరులో, ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే ఆ పని ఎంత తిప్పలో ఊహించుకోండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, అది ఫారం 28. ఇవన్నీ బండి ఇక్కడ ఉండగా, అమ్మగారు మీ దగ్గర ఉండగా చేయించుకోవడమే తేలిక.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఇప్పుడే చూడండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే అందులో రోడ్డు మీదో రైల్లోనో బండిని తరలించేటప్పుడు జరిగే నష్టానికి కూడా కవరు ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. అయితే పాలసీదారు పోతే ఆ పాలసీ మూడు నెలలు లేదా దాని గడువు, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. నాన్నగారి పేరు మీద ఉన్న కాగితం ఇప్పుడు మీకు అక్కరకు రాదు. దాన్ని నమ్ముకుని బండిని ఆరువందల కిలోమీటర్లు పంపకండి.

మీ ఆయన చెప్పిన అమ్మకం గురించి కూడా ఒక మాట. ఆయన మనసు కఠినమని నేననుకోను. మీ టెన్షన్ చూడలేక అంటున్నారు. కానీ అమ్మాలన్నా ముందు వారసుల పేరుకి మారాల్సిందే. పోయిన మనిషి పేరు మీదే ఇచ్చేస్తే, రేపు కొన్నాయన ఎక్కడో ఎవరినైనా గుద్దితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆర్‌సీలో ఉన్న అడ్రసుకే. కాబట్టి ఆ దారిలోనూ తొందర పనికిరాదు.

ఇక బండి ఎక్కించడం. నిజాంపేటకైనా బెంగళూరుకైనా కట్టే పద్ధతి ఒకటే. దగ్గరే కదా అని తాడుతో ఒక చుట్టు చుట్టి తీసుకొచ్చేవాళ్లు చాలామంది. ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, సడన్ బ్రేకులు హైవే కంటే ఎక్కువ. మా అన్నయ్య బండి నాచారం నుంచి మియాపూర్ వచ్చేలోపే పాడైంది. ట్యాంకు మీదుగా నైలాన్ తాడు లాగి కట్టారు. గంటన్నర ప్రయాణంలో ఆ తాడు రాసుకుని రాసుకుని రూపాయి బిళ్లంత మేర రంగు లేచి తెల్లటి రేకు బయటపడింది. వర్షాకాలం వచ్చేసరికి అక్కడ తుప్పు. ఇప్పటికీ ఆ మచ్చ చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

ముందు రోజు చేయాల్సినవి ఉన్నాయి. నాన్నగారికి అలవాటైన మెకానిక్ ఉంటే ఆయన్నే పిలవండి, పాత బుల్లెట్ తెలిసిన చెయ్యి వేరు. రెండు టైర్లలో గాలి పట్టించి, మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. పద్నాలుగు నెలలు కదలని బండికి ట్యూబు మెల్లగా గాలి వదిలేస్తుంటుంది. దారిలో టైరు మెత్తబడిందంటే బండి రెండంగుళాలు కిందికి దిగుతుంది, ఎంత బిగించి కట్టిన బెల్టయినా వదులైపోతుంది. ట్యాంకులో పాత పెట్రోలు తీయించేయండి. వ్యాన్‌లో వెళ్లేటప్పుడు లీటరో రెండు లీటర్లో ఉన్నా ఫరవాలేదు, రైల్లో అయితే పూర్తిగా ఖాళీ చేయాలి. ఇంజన్ స్టార్ట్ అయితే, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోలు ఆపే మీట) ఆపేసి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా వదిలేయమనండి. కార్బురేటర్‌లో మిగిలింది ఖాళీ అవుతుంది, దారిలో కారదు. బ్యాటరీ విప్పించి నిలువుగా పెట్టి విడిగా తీసుకెళ్లండి, ఒరిగితే అందులోని యాసిడ్ కారి క్రోమ్‌ని తినేస్తుంది. అద్దాలు విప్పి గుడ్డలో చుట్టండి. హ్యాండిల్ లాక్ మాత్రం వేయొద్దు. తాళం చెవి మీ దగ్గరే ఉండాలి.

తర్వాత ఫోన్‌తో ఫోటోలు తీయండి. నాలుగు వైపులా, ట్యాంకు రెండు పక్కలా, సైలెన్సరు, మీటరు రీడింగ్, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు. పాత గీతలు ఉన్నచోట దగ్గరగా ఇంకోటి. ఎక్కించే మనిషి చూస్తుండగానే తీయండి. ఫోటో తీస్తున్నారని తెలిస్తే చెయ్యి దానంతట అదే జాగ్రత్త పడుతుంది. "ముందే ఉంది మేడం" అన్న మాట ఈసారి మీరు వినక్కర్లేదు.

బండి దెబ్బతినేది ఎక్కువగా దారిలో కాదు, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ. బుల్లెట్ బరువు 160 కిలోలు దాటుతుంది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి "ఎత్తేస్తాం" అంటే ఒప్పుకోకండి. చెక్కపలక ఉన్న ట్రాలీ కావాలని ముందే మాట్లాడుకోండి. పలక పైకొసని ట్రాలీకి తాడుతో కట్టాలి. లేదంటే బండి సగం ఎక్కాక ముందు చక్రం తోపుకి పలక వెనక్కి జారిపోతుంది. మీ వీధిలో ఎత్తు అరుగో మట్టిగట్టో ఉంటే ట్రాలీని వెనక్కి దానికి ఆనించండి, సగం కష్టం తగ్గుతుంది. ఇంజన్ ఆపే ఉండాలి, బండి మీద ఎవరూ కూర్చోకూడదు. ఒకరు ఎడమపక్క నిలబడి హ్యాండిల్ పట్టుకోవాలి, ఒకరు వెనక నుంచి తోయాలి, ఇంకొకరు కుడిపక్క ఊతంగా ఉండాలి.

ఇక్కడ మీ బండికే ఉన్న ప్రమాదం ఒకటి చెప్పాలి. ఇప్పటి మోటార్‌సైకిళ్లన్నిటికీ కుడికాలి కింద బ్రేకు. నాన్నగారి బుల్లెట్‌కి కుడికాలి కింద గేరు, బ్రేకు ఎడమవైపు. తెలియని కుర్రాడు దించేటప్పుడు బండి జారుతోందని కుడివైపు పెడలు నొక్కుతాడు. బండి ఆగదు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "బ్రేకు ఎడమవైపు" అని రాసి మీటరు పక్కన అంటించండి. చిన్న పనే, కానీ మర్చిపోకండి.

కట్టడానికి తాడు వద్దు. తాడు సాగుతుంది, ముడి వదులవుతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో రాచెట్ బెల్టులు దొరుకుతాయి, లివరు ఆడిస్తే బిగుసుకునేవి. నాలుగు కొనండి, మీవిగా ఉంచుకోండి. ముందు చక్రం ట్రాలీలో క్యాబిన్ వైపు గోడకి పూర్తిగా ఆనాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ముందు రెండు బెల్టులని హ్యాండిల్ చివరలకు వేయకండి, వంగిపోతుంది. హెడ్‌లైట్ కింద చెయ్యి పెడితే రెండు షాక్ గొట్టాలనూ కలిపి పట్టే లావాటి ఇనుప ముక్క తగులుతుంది. బెల్టు అక్కడ పట్టుకోవాలి. అక్కడి నుంచి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, కాస్త ముందుకి, కిందికి లాగి ట్రాలీ కొక్కేలకు తగిలించాలి. ఇనుప కొక్కెం రంగుకి తగలకుండా మధ్యలో మెత్తటి బెల్టు ఉచ్చు వేసుకోవాలి. రెండు పక్కలా కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ముందు షాకులు సగం దాకా దిగితే చాలు. అసలు దిగకపోతే మొదటి గుంతలోనే బండి కుంగి బెల్టు కొక్కెం ఊడుతుంది. పూర్తిగా అదిమేస్తే ఆయిల్ సీళ్లు పాడై షాకుల్లోంచి నూనె కారుతుంది. వెనక రెండు బెల్టులు సీటు కింది ఫ్రేముకి. సైలెన్సరుకి, మడ్‌గార్డుకి, క్యారియర్‌కి కాదు.

స్టాండు విషయంలో డ్రైవర్‌తో మీకు మాట పట్టింపు రావచ్చు. "సెంటర్ స్టాండ్ వేసి కడతాం, రోజూ చేసేదే" అంటారు. నేనైతే వద్దంటాను. గట్టి బ్రేకు పడితే బండి ముందుకి దూకి స్టాండు దిగిపోతుంది, అప్పుడు నాలుగు బెల్టులూ ఒకేసారి వదులైపోతాయి. సైడ్ స్టాండ్ మీద అయితే బరువంతా ఆ ఒక్క ఇనుప కాలి మీద పడి ఫ్రేము దగ్గర వంగుతుంది. రెండు చక్రాలూ నేల మీద, ఫస్ట్ గేరు, రెండు స్టాండ్లూ పైకి. అంతా కట్టాక సీటు దగ్గర పట్టుకుని బండిని పక్కకి ఊపండి. బండి ఒక్కటే ఊగితే ఇంకా బిగించాలి. బండితో పాటు ట్రాలీ కూడా ఊగితే సరిగ్గా కట్టినట్టు. ఈ పరీక్షకి బండి నడపడం రానక్కర్లేదు, మీరే చేయొచ్చు.

కవరు కప్పి పంపుదామని అనిపిస్తుంది. వదులుగా కప్పిన ప్లాస్టిక్ షీటు గాలికి కొట్టుకుంటుంటే దాని కింద దుమ్ము గరుకు కాగితంలా రంగుని గీకేస్తుంది. వానకి భయపడితే టార్పాలిన్ ట్రాలీ పైన కట్టించండి. బెల్టుల మిగులు కొసలు కూడా ఎగరకుండా చుట్టి ముడేయండి. బయల్దేరిన అరగంటకి ఒకసారి ఆపి బెల్టులు చూసుకోవాలి, మొదట్లోనే అవి కుదురుకుని వదులవుతాయి.

బెంగళూరుకే పంపాలని మీ ఇంట్లో తేలితే మూడు మార్గాలు ఉన్నాయి. ట్రాలీ పూర్తిగా మాట్లాడుకుంటే ఖర్చు ఎక్కువ, కానీ ఎక్కడ ఎక్కిందో అక్కడే దిగుతుంది, మధ్యలో ఇంకో చెయ్యి పడదు. షాద్‌నగర్ దగ్గర ఒకసారి, కర్నూలులో ఒకసారి బెల్టులు చూడమని డ్రైవర్‌కి చెప్పొచ్చు, ఫోటో పెట్టమనొచ్చు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఇస్తే చవక. కానీ గోడౌన్లలో మూడు నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది, "బ్రేకు ఎడమవైపు" అని రాసిన కాగితం మీటరు పక్కన ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. రసీదులో బండి విలువ రాయించకుండా ఇవ్వకండి. రైలు అయితే కాచిగూడ పార్శిల్ ఆఫీసులో ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇచ్చి, గోనెసంచులతో ప్యాకింగ్ చేయించి బుక్ చేయాలి. అక్కడా మీ కళ్లముందు ఎక్కదు. నడుపుకుంటూ తీసుకెళ్లిపోతానని తమ్ముడు అంటే మాత్రం, చెల్లని ఇన్సూరెన్స్‌తో ఏడాది పైగా కదలని బండి మీద అంత దూరం పంపకండి.

ఏ మార్గమైనా తమ్ముడికి ఒక పని అప్పగించండి. ఎక్కించే రోజు రాలేకపోతే దించేటప్పుడు తనే దగ్గరుండాలి, లేదా నామ్‌కే వాస్తేగా కాకుండా కాగితాల పనికి రెండు రోజులు వచ్చి వెళ్లాలి. ఫోన్ చేసి ఇలా అనండి: "బండి నీదే అనుకో. కట్టే రోజు వీడియో కాల్‌లో ఉండు. ప్రతి బెల్టూ చూసి సరే అను. దారిలో ఏదైనా అయితే ఇద్దరం కలిసి బాగు చేయించుకుందాం." దానికి తను ఒప్పుకోకపోతే, బండి నిజాంపేటలోనే ఉంటుందని చెప్పడానికి మీరు మొహమాటపడక్కర్లేదు. తను కోప్పడవచ్చు. కొన్నాళ్లు ఫోన్ చేయకపోవచ్చు. అది మీకు కష్టమేనని తెలుసు. కానీ ఏదైనా విరిగాక వచ్చే కోపం కంటే ఇది త్వరగా చల్లారుతుంది.

అమ్మగారితో మాట్లాడటం మాత్రం ట్రాలీ మాట్లాడకముందే జరగాలి. "పంపేద్దామా?" అని అడిగితే ఆవిడ "మీ ఇష్టం" అంటారు, మీకు మళ్లీ ఏమీ తెలియదు. పొద్దున ట్యాంకు తుడుస్తున్నప్పుడు మీరూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చోండి. "ఈ బండి ఎవరు నడిపితే నీకిష్టం అమ్మా?" అని అడగండి. తమ్ముడి పేరు చెప్పొచ్చు, మీ అబ్బాయి పెద్దయ్యాక అనొచ్చు, ఎవరూ వద్దనొచ్చు. ఏం చెప్పినా నాకు మళ్లీ రాయండి.

నిజాంపేటలో దించేటప్పుడు మొదట వెనకవైపు బెల్టులు విప్పించండి. ముందువైపు బెల్టులు విప్పేటప్పుడు ఇద్దరు రెండు పక్కలా బండిని పట్టుకుని ఉండాలి, ఒక్కసారి వదిలితే షాకులు పైకి తన్ని బండి పక్కకి ఒరుగుతుంది. మీటరు పక్కన అంటించిన కాగితం బండి నేల మీదికి దిగేదాకా తీయకండి.